మా నాయన చేత చదివించిన మగ్గం సారు

మగ్గం సారు పోయారు. పోయిన శుక్రవారం ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చిన పోస్టుకార్డులో పైన ‘క్షేమం’ అన్న మాట లేదు. అది చూడగానే మిగతాది చదవడానికి భయమేసింది. మా నాయనకు రాయడం రాదు. ఆదోనిలో తను పనిచేసే పత్తి మిల్లు గుమాస్తా చేత రాయించాడు. ‘ఎమ్మిగనూరులో మీ మగ్గం సారు మంగళవారం పొద్దున పోయినారు. మగ్గం కాడ కూర్చోని ఉండంగానే పోయినారంట. నేనూ మీ యమ్మా పోయి మట్టి ఏసి వచ్చినాము. నువ్వు గాబరా పడొద్దు.’ అంతే. కార్డులో మిగతా సగం ఖాళీ.

ఆయన పేరు మీరెవరూ విని ఉండరు. మా కాలేజీలో గోడకు వేలాడే అధ్యాపకుల జాబితాలో ఆయనది చిట్టచివరి పేరు. పక్కన బ్రాకెట్లో ‘తాత్కాలికం’ అని ఉండేది. ఉన్నన్నాళ్ళూ తాత్కాలికంగానే ఉన్నారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, డిప్లొమాలు ఉన్నవాళ్ళ పక్కన నిలబడి మాకు పాఠం చెప్పారు. నా చదువు ఆగిపోవలసిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు మా ఇంటి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని, అది ఆగకుండా చేసింది ఆయనే. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు ఆ మనిషి ఎలాంటివారో చెప్పాలి.

ఎనభైల మొదట్లో మాట. ఆదోనిలో ఒక పాత పత్తి గోడౌనుకు సున్నం కొట్టి, చిత్రకళ, డిజైను నేర్పే రెండేళ్ళ కోర్సు పెట్టారు. పద్దెనిమిది మందిమి చేరాము. ఆడపిల్లలం ముగ్గురం. మా అమ్మానాన్నలు కోసిగి వైపు నుంచి పని కోసం ఆదోనికి వచ్చి మిల్లు వెనక గుడిసె వేసుకున్నవాళ్ళు. మా నాయన పత్తి బేళ్ళు మోసేవాడు, అమ్మ పత్తిలో చెత్త ఏరేది. రెండు వైపులా ఎంత వెనక్కి వెతికినా పలక పట్టినవాళ్ళు లేరు. పదో తరగతి పాసైన మొదటిదాన్ని నేనే. బేళ్ళ మీద గుర్తులు వేయడానికి మిల్లులో తగరపు రేకు అచ్చులు ఉండేవి. నాయనకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా వాటిని చూసి మట్టిలో గీసేదాన్ని. ఆ గీతలు చూసిన గుమాస్తాగారే, “ఈ పిల్లను ఆ కొత్త కాలేజీలో వేయప్పా, ఫీజు లేదంట” అని మా నాయనకు చెప్పారు.

కాలేజీలో బొమ్మలు గీయడం నేర్పే సారును డ్రాయింగ్ సారు అనేవాళ్ళం. ఆ బొమ్మను బట్టలోకి ఎలా దించాలో నేర్పడానికి వారానికి మూడు మధ్యాహ్నాలు ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చే పెద్దాయన మగ్గం సారు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, నీలం గళ్ళ లుంగీ. ప్రిన్సిపాలుగారు ఒకసారి, “ప్యాంటు వేసుకొస్తే బాగుంటుందేమో” అన్నారట. “నేను నేసిన లుంగీ సార్ ఇది. ప్యాంటు ఎవురు నేసినారో నాకు ఎరుకల్యా” అన్నారట ఈయన. మళ్ళీ ఎవరూ అడగలేదు.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న అద్దం ఉండేది. సారుకు ఈ వయసులో సోకేమిటని మొదటి నెలంతా మేము నవ్వుకున్నాము. ఆ అద్దం ముఖం చూసుకోవడానికి కాదని ఎమ్మిగనూరులో ఆయన మగ్గం దగ్గరికి పోయినప్పుడు తెలిసింది. అక్కడ పూల బట్ట బోర్లా నేస్తారు. నేసేవాడికి కనపడేది వెనక వైపు. పువ్వు ముఖం కిందికి ఉంటుంది. బట్ట కింద అద్దం పెట్టి అప్పుడప్పుడు దాన్ని చూసుకోవాలి. అందుకేనేమో ఆయనకు ఏ బట్ట కనిపించినా తిరగేసి చూడటం అలవాటైపోయింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ కండువా అంచు మడిచి చూసేవారు. ఆడవాళ్ళ దగ్గరైతే, “అమ్మా, ఏమనుకోవద్దు, కొంగు ఒక్క తూరి తిప్పుతావా?” అని అడిగేవారు. వాళ్ళు తిట్టబోయి, ఆ ముఖం చూసి నవ్వి తిప్పేవాళ్ళు.

ఒకసారి పెద్ద అధికారి ఎవరో కాలేజీ చూడటానికి వచ్చారు. ఆయన భుజం మీద కొత్త శాలువా. ప్రిన్సిపాలుగారు ఇంగ్లీషులో స్వాగతం చెబుతుంటే మగ్గం సారు వెనక నుంచి మెల్లగా శాలువా కొస తిప్పి చూస్తున్నారు. అధికారి గబుక్కున వెనక్కి తిరిగారు.

“ఏమిటది?”

“బాగుండాది సార్. కాకపోతే ఈడ రెండు పోగులు తెగితే ముడెయ్యకుండా పోనిచ్చినారు. మీకు తెలీకుండా అమ్మినారు.”

ప్రిన్సిపాలుగారి ఇంగ్లీషు అక్కడే ఆగిపోయింది. అధికారి శాలువా తీసి తనే తిరగేసి చూసి, గట్టిగా నవ్వేశారు. పోయేటప్పుడు మగ్గం సారుతోనే ఎక్కువసేపు మాట్లాడారు. ఆ తర్వాత మేము అడిగితే సారు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “వెనక సూడాలమ్మా. ముందర అందురూ బాగానే ఉంటారు.”

ఆయన నేర్పిన పని కొంచెం చెప్పకపోతే ముందు చెప్పబోయే సంగతులు అర్థం కావు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, బొమ్మ పడిన గళ్ళను ఎర్ర రంగుతో నింపాలి. ఒక్కో వరసకు ఒక్కో అట్ట. ఎర్ర గడి ఉన్నచోట అట్టకు రంధ్రం కొట్టాలి, ఖాళీ గడి ఉన్నచోట వదలాలి. ఆ అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం పైన పెట్టెకు తగిలిస్తే, రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు కొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు కాగితం చూసి, “మూడు విడువు, రెండు కొట్టు, ఒకటి విడువు” అని చదవాలి. రెండోవారు చెవితో విని చేత్తో కొట్టాలి. మా గోడౌను మధ్యాహ్నాలన్నీ ఈ పాటతోనే గడిచేవి. ఖాళీ గళ్ళు చదివేటప్పుడు మేము పరాకుగా ఉంటే సారుకు కోపం వచ్చేది. “ఖాళీ అంటే పని ల్యాదని కాదు. విడవడం గూడ పనే” అనేవారు.

మొదటి ఏడు ప్రతి ఒక్కరూ ఒక అంచు డిజైను చేయాలి, బాగున్నది ఎమ్మిగనూరులో నేయిస్తామని చెప్పారు. మగ్గానికి వాడే కాగితం వేరే ఉంటుంది. అది కర్నూలు నుంచి రావాలి. నాకు ఆత్రం. పదో తరగతి లెక్కల గ్రాఫు పుస్తకం మిగిలి ఉంటే దాని మీదే హంసను వేశాను. గుండ్రటి పొట్ట, వంపు తిరిగిన మెడ. క్లాసులో అందరికన్నా అందంగా వచ్చింది. సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “సరే, కొట్టండి అట్టలు” అన్నారు.

రెండు వారాల తర్వాత మమ్మల్నందరినీ బస్సులో ఎమ్మిగనూరు తీసుకుపోయారు. నా హంస మగ్గం మీద ఉంది. సారు భార్య నేస్తోంది. ఆమెను నేను తర్వాత పెద్దమ్మ అని పిలవడం మొదలుపెట్టాను. సారు బట్ట కింద అద్దం పెట్టి నన్ను రమ్మన్నారు. వంగి చూశాను. అద్దంలో హంస లేదు. పీలగా, పొడుగ్గా, మెడ సాగిపోయి, కాళ్ళ మీద నిలబడి ఆకలితో అలమటిస్తున్న కొంగ ఉంది.

పెద్దమ్మ అటూ ఇటూ దారం పోసే నాడె ఆపి అడిగింది. “ఏమ్మా, నీ పక్షికి తిండి పెట్టల్యా ఏంది? కరువు సంవత్సరంలో పుట్టినట్టుండాది.”

అందరూ విరగబడి నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు సారు చెప్పారు. ఆ బట్టలో అంగుళానికి నిలువు దారాలు ఎక్కువ, అడ్డ దారాలు తక్కువ. లెక్కల పుస్తకంలో గడి నాలుగు వైపులా సమానం. బట్టలో గడి సమానంగా ఉండదు, నిలువుగా సాగుతుంది. అందుకే మగ్గం కాగితంలో నిలువు గీతలు దగ్గరగా, అడ్డ గీతలు దూరంగా ఉంటాయి.

“మీకు ముందే తెలుసు కదా సార్! చెప్పి ఉండొచ్చు కదా!” అన్నాను, ఏడుస్తూనే.

“సెప్పింటే సెవిలో పడుతుండె. ఈ సెవిలో నుంచి ఆ సెవిలోకి పోతుండె. ఇప్పుడు కంట్లో పడింది. ఇంక యాడికీ పోదు” అన్నారు.

నిజంగానే పోలేదు. ఆ జానెడు కొంగ బట్టను ఆయన కత్తిరించి నాకే ఇచ్చారు. పారేయమనలేదు. “దాసిపెట్టుకో” అన్నారు. మరుసటి వారం కర్నూలు కాగితం కోసం చూడకుండా, తెల్ల కాగితం మీద సూదిమొనతో గుర్తులు పెట్టి గీతలు కొట్టి మగ్గం కాగితం ఎలా చేసుకోవాలో నేర్పించారు. ఏ బట్టకు ఆ కాగితం.

ఇప్పుడు నేను హైదరాబాదులో బట్టల డిజైన్లు తయారు చేసే కేంద్రంలో పనిచేస్తున్నాను. నిరుడు మాకు కంప్యూటర్ వచ్చింది. దాన్ని చల్లటి గదిలో పెట్టారు, చెప్పులు బయట విడిచి పోవాలి. నేర్పడానికి వచ్చిన ఇంజనీరుగారు మొదటిరోజు చాలాసేపు వివరించారు. తెర మీద గళ్ళు ఉంటాయి, నింపితే ఒకటి, ఖాళీగా ఉంటే సున్న, యంత్రానికి ఈ రెండే అర్థమవుతాయి అని. చుట్టూ ఉన్న డిగ్రీలవాళ్ళు నోట్సు రాసుకుంటున్నారు. నేను రాసుకోలేదు. అది నాకు గోడౌనులో ఎప్పుడో వచ్చేసిన విద్య. దారాల లెక్క అడిగి గడి కొలత మార్చమని నేను చెప్పినప్పుడు ఆయన ఆశ్చర్యపోయి, “మీరు ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నారు. “ఎమ్మిగనూరులో” అన్నాను. ఆ ఊరి పేరు అంత గట్టిగా నేనెప్పుడూ పలకలేదు.

సారు కంటి పరీక్షకు హైదరాబాదు వచ్చినప్పుడు అనుమతి తీసుకుని ఆ గది చూపించాను. గడప దగ్గర చెప్పులు విడవమంటే సంతోషపడ్డారు. “మగ్గం గుంతలోకి గూడ సెప్పులతో దిగం. ఎవురో తెలిసినోళ్ళే సెప్పింటారు వీళ్ళకి.” నేను పది గళ్ళు నింపి చూపించాను. ఆయన లేచి నెమ్మదిగా కంప్యూటర్ చుట్టూ తిరిగి వెనక్కి పోయి వంగారు.

“తాతగారూ, షాక్ కొడుతుంది!” అని ఇంజనీరుగారు కంగారుపడ్డారు.

“వెనక సూడకుండా ఎట్ల సార్? పోగులు దండిగానే తోసినారు. ముడులు ఒక్కటీ కనపడల్యా” అన్నారు సారు మెచ్చుకోలుగా. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని అడిగారు. “తప్పు గడి పడితే ఏం సేస్తావు?”

మీట నొక్కి చెరిపి చూపించాను. మరక కూడా లేకుండా పోయింది. ఆయన కొంచెంసేపు తెర వైపు చూశారు.

“యాడ తప్పు సేసినావో గుర్తుంటాదా మరి?”

 

ఇక ఆ రోజు సంగతి. కోర్సు రెండో ఏడు. పరీక్షకు ప్రతి ఒక్కరూ దుప్పటికి ఒక పూర్తి డిజైను వేసి, అట్టలు కొట్టి, నేయించి తేవాలి. హైదరాబాదు నుంచి పరీక్షాధికారి వస్తారు. ఆ బట్ట లేకపోతే సర్టిఫికెట్ లేదు. నేను పగిలిన పత్తికాయను ఎంచుకున్నాను. నాలుగు రేకలుగా విచ్చుకుని, మధ్యలో పత్తి ఉబికి వస్తున్న కాయ. మూడు వందల పైచిలుకు వరసలు. మగ్గం కాగితం నేనే గీసుకున్నాను.

ఆ ఏడు వానలు లేవు. పత్తి రాలేదు, మిల్లు మూసేశారు. మా వైపు పల్లెల నుంచి ఎప్పుడూ పోయేటట్టే జనం సుగ్గికి బయలుదేరారు. సుగ్గి అంటే కోతల కాలపు వలస. రాయచూరు అవతల కాలవ కింద వరి కోతలకు కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కి పోయి, రెండు నెలల తర్వాత వస్తారు. మా నాయన కూడా పోదామన్నాడు. నన్ను కూడా.

“పరీక్ష ఉండాది నాయనా” అన్నాను.

“పరీక్ష మళ్ళీ ఏడు గూడ వస్తాది. కడుపు మళ్ళీ ఏడుదాకా ఆగుతాదా?” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. “వయసొచ్చిన పిల్లను ఈడ ఒక్కదాన్నే ఇడిసిపెట్టి యాడికి పోయేది? ఎవురు సూస్తారు?”

మానేసి పోయినవాళ్ళు మళ్ళీ ఏడు తిరిగి చేరడం నేను చూడలేదు. మా క్లాసులో ఇంకొక అమ్మాయి అప్పటికే అలా పోయింది. నేను రెండు రోజులు కాలేజీకి పోలేదు. మూడో మధ్యాహ్నం మా గుడిసె ముందు మగ్గం సారు నిలబడి ఉన్నారు. చంకలో అట్టల కట్ట, చేతిసంచిలో రంధ్రాలు కొట్టే పలకా, ఉలీ, కొయ్య సుత్తీ.

మా అమ్మ గోనెపట్టా పరిచింది. మా వాళ్ళ ఇళ్ళకు వచ్చి కూర్చునే పెద్ద కులాలవాళ్ళు అప్పట్లో తక్కువ. ఆమె మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా అని చెంబు పట్టుకుని నిలబడిపోయింది. “ఎండలో వచ్చినానమ్మా, నిండుగా పోయి” అని సారే చేయి చాచారు.

చదువు గొప్పదని ఆయన ఒక్క మాట చెప్పలేదు. పిల్ల తెలివైనదనీ అనలేదు. చెబుతారని మా నాయన ఎదురు చూస్తున్నాడు. దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నట్టుంది.

“ఏమప్పా, పని ల్యాదు గదా ఈపొద్దు. ఒక సెయ్యి ఎయ్యి. నాకు కండ్లు మసకలు. పాప కొడతాది, నువ్వు సదువు” అన్నారు సారు.

నాయన ముఖం ముడుచుకుంది. “నాతో ఎకసెక్కాలాడతావా సారూ? నాకు అక్షరం రాదని ఊరంతా ఎరుక.”

“అక్షరం ఎవురు అడిగినారప్పా? బేళ్ళు లెక్కపెడతావు గదా. ఎర్రగుంటే కొట్టు, తెల్లగుంటే విడువు. ఎన్నో సెప్పు. అంతే సదువు.”

మా నాయన నా వైపు చూశాడు. నేను ఉలి పట్టుకుని కూర్చున్నాను. ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని కాగితం ముందు గొంతుక్కూర్చున్నాడు. చీపురుపుల్ల ఒకటి విరిచి మొదటి వరస కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“పన్నెండు... విడువు. ఒకటి కొట్టు. నాలుగు విడువు. ఒకటి కొట్టు.”

మొదటి వరస చాలాసేపు పట్టింది. రెండోది కొంచెం తొందరగా. పదో వరసకు ఆయన గొంతు మారింది. మిల్లులో బేళ్ళు లెక్కపెట్టే గొంతు అది, గట్టిగా, లయగా. చుట్టుపక్కల గుడిసెల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. “ఏందిరా, నీవు సదవతాండావా?” అని ఒకాయన అరిచాడు. “మాటాడద్దు, వరస తప్పుతాది!” అని మా నాయన కసిరాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముప్పై ఎన్నో వరసలో ఆయన ఆగాడు. పుల్ల జరిపి మళ్ళీ లెక్కపెట్టాడు. ఇంకొకసారి లెక్కపెట్టాడు.

“ఈడ ఒకటి తక్కువుండాది.”

“ఉండదు నాయనా” అన్నాను.

“ఈ పక్క కాయకు ఏడు కొట్టు. ఆ పక్క కాయకు ఆరే. రెండూ ఒక్కటే గదా? ఒంటి కన్ను కాయ అవుతాది సూడు.”

సారు కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. నేనూ చూశాను. నిజమే. ఒక గడికి రంగు వేయడం నేను మర్చిపోయాను.

“నేను మూడు తూర్లు సూసినానప్పా ఈ కాగితం. నా కంటికి పడల్యా” అన్నారు సారు.

నిజంగా పడలేదో, కావాలనే ఉంచారో నాకు తెలియదు. చాలాసార్లు అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన అబద్ధం చెప్పగా నేను వినలేదు కాబట్టి, పడలేదనే అనుకుంటున్నాను. మా నాయన కుంచె అడిగి తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి కుంచె పట్టి, ఆ ఒక్క గడిని తనే ఎర్రగా నింపాడు. గీత దాటకుండా నింపాడు.

పొద్దు వాలేసరికి నలభై అట్టలు అయ్యాయి. సారు వాటిని వరసగా దారానికి గుచ్చుతున్నారు.

“ఇంకా ఎన్నుండాయి సారూ?” అన్నాడు నాయన.

“రెండు నూర్ల డెబ్భై దాకా ఉంటాయి.”

“అవి ఎవురు సదువుతారు?”

“నువ్వు సుగ్గికి పోతాండావు గదప్పా. మా ఇంటామె సదువుతాది. పాప కొట్టాల.”

 నా చదువు నాయన జవాబు మీదే వేలాడుతోందని నాకు తెలుసు. మా నాయన చేతికి అంటిన ఎర్రరంగును బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

“మా ఇంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే మీ వీధోళ్ళు ఏమన్నా అనరా?”

“మా వీధిలో ముప్పై మగ్గాలుండాయప్పా. ఆ సప్పుడులో ఎవురేమన్నా నాకు ఇనపడదు.”

మా అమ్మే ముందు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. “దాని వంతు కోత గూడ నేను కోస్తాలే. ఉండనీ” అంది. మరుసటి రోజు పొద్దున్నే నాయన నా బట్టల మూట తనే నెత్తిన పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సు దాకా వచ్చాడు.

ఆ రెండు నెలలు నేను సారు ఇంట్లో ఉన్నాను. వాళ్ళు తిన్న పళ్ళెంలోనే తిన్నాను, వాళ్ళు పడుకున్న చాప మీదే పడుకున్నాను. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఒక మాట మాట్లాడలేదు. అదే ఆ ఇంటి గొప్పతనం. పెద్దమ్మ రొట్టెలు కాలుస్తూ, కాగితం పొయ్యి పక్కన పెట్టుకుని, “నాలుగు కొట్టు, ఏడు విడువు, రొట్టె మాడుతాండాది ఉండు” అని చదివేది. అట్టలయ్యాక సారే మగ్గం గుంతలోకి దిగారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు దుప్పట్లు నేశారు. ఒకటి పరీక్షకు, ఒకటి ఇంటికి.

పరీక్ష రోజు పరీక్షాధికారి దుప్పటి ముందు వైపు చూశారు. నేను అడిగి మరీ వెనక వైపు తిప్పి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి చూసి, “ఎవరు చేశారమ్మా ఈ గ్రాఫు?” అన్నారు. “నేనే సార్. మొదటి నలభై వరసలు మా నాయన చదివారు” అన్నాను. క్లాసులో మొదటిదాన్నయ్యాను. ఫలితం అతికించిన రోజు మగ్గం సారు నోటీసు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. నా పేరు వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి, పక్కనున్న ప్యూనుతో, “మా పాప” అన్నారు. ప్యూను నవ్వి, “తెలుసు సార్, పొద్దున్నుంచి నాలుగు తూర్లు సెప్పినారు” అన్నాడు.

సుగ్గి నుంచి మా వాళ్ళ లారీ మంత్రాలయం మీదుగా వచ్చింది. ఎమ్మిగనూరులో అమ్మా నాయనా దిగిపోయి, చట్టీకుండల మూటలతో నేరుగా సారు ఇంటికి వచ్చారు. ఇద్దరూ నల్లగా కాలిపోయి ఉన్నారు. వరి దుబ్బులు కోసుకుని నాయన వేళ్ళన్నీ చీలి ఉన్నాయి. సారు లోపలికి పోయి రెండో దుప్పటి తెచ్చి మంచం మీద పరిచారు. ఎర్ర నేల మీద తెల్లని పత్తికాయలు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

మా నాయన దగ్గరికి వచ్చాడు కానీ ముట్టుకోలేదు. “సేతులు గరుకు సారూ. పోగులు లేస్తాయి” అన్నాడు.

“లేస్తే లేయనీ. నువ్వు సదివిందే గదా” అని సారు ఆయన చేయి పట్టుకుని బట్ట మీద ఆనించారు.

నాయన వంగాడు. మొట్టమొదటి అంచు దగ్గర, పత్తికాయ కిందిమొన మీద చూపుడువేలు పెట్టాడు. వేలు మెల్లగా కుడివైపుకు కదిలింది, పెదవులు దానితోపాటు కదిలాయి. శబ్దం లేదు. ఒక వరస అయ్యాక వేలు వెంట్రుకవాసి పైకి జరిగి మళ్ళీ ఎడమ నుంచి మొదలైంది. అమ్మ మూట దించడం మర్చిపోయి నెత్తిన పెట్టుకునే నిలబడింది. మగ్గం సారు ఆ చివర దుప్పటి కొస ముడత పడకుండా రెండు చేతులా బిగించి పట్టుకుని, మా నాయన చదవడం అయ్యేదాకా కదలకుండా నిలబడి ఉన్నారు.